కణం ఎవరి మాట వింటుంది?

1970లో అమెరికాలోని డెన్వర్‌లో, కొలరాడో విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగం వినడానికి కాస్త చిలిపిగా ఉంటుంది. ఒకరు రాబర్ట్ జాన్సన్, ఇంకొకరు తెలుగువారైన పోటు నరసింహారావు. విభజన చక్రంలో వేర్వేరు దశల్లో ఉన్న రెండు కణాలను, చేవ తీసేసిన సెండాయ్ వైరస్ సాయంతో అతికించి, రెండు కేంద్రకాలూ ఒకే పైపొరలో ఉండేలా చేశారు. ఒక కేంద్రకం అప్పటికే తన డీఎన్‌ఏకి నకలు తీసుకుంటోంది. రెండోది ఇంకా ఆ పని మొదలుపెట్టలేదు. ఒక్కచోట చేర్చాక ఆ రెండోది కూడా తన సమయం రాకముందే నకలు తీయడం మొదలుపెట్టింది. నకలు పూర్తయిపోయిన కేంద్రకాన్ని తెచ్చి కలిపితే మాత్రం అది మళ్ళీ మొదలుపెట్టలేదు, పక్కది పని ముగించేదాకా చీలకుండా ఆగింది. ఇక రెండుగా చీలుతున్న కణంతో ఏ దశలోని కణాన్ని కలిపినా, సిద్ధంగా ఉన్నా లేకున్నా దాని క్రోమోజోములు ముడుచుకుపోయాయి.

ఎప్పుడు నకలు తీయాలో ఎప్పుడు చీలాలో కేంద్రకం ఒక్కటే నిర్ణయించుకోదనీ, చుట్టూ ఉన్న జీవద్రవ్యంలో తిరిగే పదార్థాలేవో దానికి కబురు అందిస్తున్నాయనీ దీనితో తేలింది. ఆ పదార్థాలేమిటో తెలిసి, 2001లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు ఆ ముగ్గురి పేర్లే ఉంటాయి. రావు, జాన్సన్ ఆ ప్రశ్నను అంత శుభ్రంగా అడిగి ఉండకపోతే ఆ ముగ్గురి జవాబులు ఎవరికి అర్థమయ్యేవని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

మన ఒంట్లో రోజుకు దాదాపు 33,000 కోట్ల కణాలు పాతవి పోయి కొత్తవి వస్తాయని 2021లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. సెకనుకు 38 లక్షలన్నమాట. అందులో అత్యధికం రక్తకణాలు, ఆ తర్వాత పేగు లోపలి పొర. ఒక కణం రెండు కావాలంటే సుమారు 600 కోట్ల అక్షరాల డీఎన్‌ఏని తప్పుల్లేకుండా తిరగరాయాలి. ఈ లెక్కలు చూశాక క్యాన్సర్ ఎందుకు వస్తుందన్న ప్రశ్న కన్నా, ఇంతమందికి ఇన్నేళ్ళపాటు ఎందుకు రావడం లేదన్న ప్రశ్నే పెద్దదిగా కనిపిస్తుంది. దానికి ఇప్పటిదాకా దొరికిన జవాబుల్లో నాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. విభజించమని చెప్పే సంకేతం తనతోపాటే ఆపే ఏర్పాటును కూడా మేల్కొలుపుతుంది. మితం దాటిన కొద్దీ అదే కణానికి అడ్డం తిరుగుతుంది. క్యాన్సర్ రావాలంటే ఆ జంటను విడగొట్టాలి. మందు పనిచేయాలన్నా, చేసి చేసి ఒకనాడు ఓడిపోయినా, కారణం ఈ అల్లికలోనే ఉంటుంది.

కణానికి మొదటి కబురు బయటినుంచి వస్తుంది. స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథుల రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించినప్పుడు, వాటి కళ్ళు మామూలు కంటే చాలా రోజుల ముందే తెరుచుకున్నాయి. ఎందుకని వెతికితే చర్మకణాలను పెరగమని పురిగొల్పే చిన్న ప్రోటీను ఒకటి దొరికింది. అదే ఈజీఎఫ్. 1962లో ఆయన దాన్ని వేరుచేసినట్టు ప్రకటించారు. 1986లో, నరాలను పెంచే ప్రోటీనును కనుగొన్న రీటా లెవీ మొంటాల్చీనితో కలిసి నోబెల్ అందుకున్నారు. ఇలాంటి వృద్ధి కారకాలు కణంలోకి చొరబడవు. పైపొరమీద ఉన్న గ్రాహకానికి అతుక్కుంటాయి, అంతే. గ్రాహకాలు జతకూడి, లోపలివైపు ఉన్న తమ తోకలకు ఒకదానికొకటి ఫాస్ఫేట్ ముక్కలు తగిలించుకుంటాయి. ఆ ముక్కలను చూసి లోపలి ప్రోటీన్లు వచ్చి చేరతాయి. రాస్ అనే ప్రోటీను మేల్కొంటుంది, అది రాఫ్‌ని, రాఫ్ మెక్‌ని, మెక్ ఎర్క్‌ని. చివరికి ఎర్క్ కేంద్రకంలోకి వెళ్ళి, విభజనకు కావలసిన జన్యువులను చదివిస్తుంది.

ఈ పనిలో ఎక్కువ భాగం ఫాస్ఫేట్ తగిలించడం, ఊడదీయడం. తగిలించే ఎంజైములను కైనేజ్‌లంటారు. మనిషి జన్యువుల్లో వీటివి 518 ఉన్నాయని 2002లో జాబితా వేశారు. ఫాస్ఫేట్‌ను అవి తెచ్చుకునేది ఏటీపీ నుంచి. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి వెలికితీసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అంతకు నాలుగేళ్ళ ముందుది. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాను తాత్కాలికంగానైనా తగ్గించగలిగారు. ఆ మందు డీఎన్‌ఏకి కావలసిన ముడిసరుకును అడ్డుకుంటుంది. విభజించే కణం మంచిదా చెడ్డదా అని చూడదు. ఈనాటి కైనేజ్ మందుల్లో చాలావరకు ఏటీపీ కూర్చునే గూటిలోకి దూరి కూర్చుంటాయి. క్యాన్సర్ వైద్యం నడిచిన రెండు దారుల మొదట్లోనూ ఒకే మనిషి పని ఉండటం మనవాళ్ళు మరికాస్త చెప్పుకోదగ్గ సంగతి.

సంకేతాలు దారి తప్పితే క్యాన్సర్ వస్తుందన్న ఆలోచనకు బీజం మాత్రం కోళ్ళ దగ్గర పడింది. 1911లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పేటన్ రౌస్, కోడి కణితిని నూరి, కణాలేవీ మిగలకుండా వడకట్టిన రసంతో ఇంకో కోడికి అదే కణితి రప్పించారు. నోబెల్ రావడానికి ఆయన 1966 దాకా ఆగాల్సొచ్చింది. ఆ వైరస్ మోసుకొచ్చే సార్క్ జన్యువు అసలు వైరస్‌ది కానేకాదనీ, కోడి కణాల్లో ఎప్పటినుంచో ఉన్నదేననీ 1976లో బిషప్, వార్మస్‌ల బృందం చూపించింది. ఎక్కడో బయటినుంచి దండెత్తి వచ్చిందనుకున్నది ఇంట్లోదేనని తేలింది. 1979లో టోనీ హంటర్, టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి కూడా ఫాస్ఫేట్ తగులుతుందని కనిపెట్టారు. సార్క్ చేసే పని కూడా అదే. హంటర్ ఆ రోజు కొత్త ద్రావణం కలుపుకోకుండా పాతబడి పులిసినదాన్నే వాడారట. ఆ పులుపే కొత్త మచ్చను పాతదాని నుంచి విడదీసి చూపించింది. బద్ధకానికి ఇంత మంచి ఫలితం తరచూ దక్కదు.

మనిషి క్యాన్సర్లోనూ ఇలాంటి జన్యువుందా అన్నదానికి 1982లో జవాబొచ్చింది. టీ24 అనే మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోని రాస్ జన్యువును మామూలు మనిషి రాస్‌తో అక్షరం అక్షరం పోల్చి చూశారు. నేచర్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసాల్లో ఒకదానికి మొదటి రచయిత, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి వెళ్ళిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. మరియానో బార్బాసిద్ బృందంతో కలిసి ఆయన చూసిన తేడా ఒక్కటంటే ఒక్క అక్షరం: జీ ఉండాల్సిన చోట టీ. దానివల్ల ప్రోటీనులో పన్నెండో స్థానంలో గ్లైసిన్ బదులు వేలిన్ వచ్చి కూర్చుంది. రాబర్ట్ వైన్‌బర్గ్ బృందం కూడా అదే సమయంలో అదే తేల్చింది.

ఒక్క అక్షరానికి అంత బలం ఎక్కడిది? రాస్ జీటీపీని పట్టుకున్నప్పుడు పనిచేస్తుంది, దాన్ని తుంచుకుని జీడీపీగా మార్చుకుని ఆగిపోతుంది. తుంచడానికి గ్యాప్ అనే ప్రోటీను ఒక వేలు లోపలికి చాపి సాయపడాలి. పన్నెండో స్థానంలో గ్లైసిన్ ఉంటేనే ఆ వేలికి చోటు, ఎందుకంటే అమైనో ఆమ్లాల్లో దానంత చిన్నది ఇంకోటి లేదు. వేలిన్ వస్తే వేలు పట్టదు. చెరువు తూము తెరుచుకోవడం తప్పేమీ కాదు, మళ్ళీ మూతపడకపోతేనే పొలం మునిగేది. మనిషి క్యాన్సర్లలో సుమారు ఐదోవంతులో రాస్ కుటుంబంలోని ఏదో ఒక జన్యువు ఇలా చెడి ఉంటుంది.

అయితే ఒక దారి తెరిచి ఉందా మూసి ఉందా అన్నదొక్కటే కణం చూడదు. ఎంతసేపు తెరిచి ఉందో కూడా చూస్తుంది. ఎలుక అడ్రినల్ గ్రంథి కణితినుంచి తీసిన పీసీ12 అనే కణాలున్నాయి. వాటికి ఈజీఎఫ్ ఇస్తే ఎర్క్ కాసేపు మేల్కొని నిద్రపోతుంది, కణాలు విభజిస్తాయి. నరాల వృద్ధి కారకం ఇస్తే అదే రాస్, అదే రాఫ్, అదే ఎర్క్ గంటల తరబడి మెలకువగా ఉంటాయి. అప్పుడు కణాలు విభజన మానేసి, కొమ్మలు చాచి నరకణాల్లా మారతాయి. దారి ఒకటే, అందే అర్థాలు రెండు. సంకేత మార్గాలను ఆన్, ఆఫ్ మీటల్లా గీసే బొమ్మలు నన్ను ఎప్పుడూ తృప్తిపరచకపోవడానికి ఈ ప్రయోగం ఒక కారణం.

బయటి కబురు లోపలికి చేరాక దాన్ని అందుకునేది విభజన చక్రం. సియాటిల్‌లో లేలాండ్ హార్ట్‌వెల్ రొట్టెల ఈస్ట్‌లోనూ, బ్రిటన్‌లో పాల్ నర్స్ మరో రకం ఈస్ట్‌లోనూ చక్రాన్ని నడిపే జన్యువులను ఏరారు. 1982 వేసవిలో వుడ్స్ హోల్‌లో టిమ్ హంట్ సముద్రపు అర్చిన్ గుడ్లను పరిశీలిస్తూ, ప్రతి విభజనకు ముందు పేరుకుని విభజనతోపాటే మాయమయ్యే ప్రోటీనును చూశారు. అదే సైక్లిన్. దానితో జతకట్టినప్పుడే పనిచేసే కైనేజ్‌లు సీడీకేలు. 1987లో నర్స్ ప్రయోగశాలలో మనిషి సీడీకే జన్యువును తెచ్చి, విభజించలేని ఈస్ట్‌కి ఇస్తే అది చక్కగా విభజించింది. వంద కోట్ల ఏళ్ళ ఎడబాటు తర్వాత కూడా ఒకరి భాగం ఇంకొకరికి సరిపోయింది. డెన్వర్‌లో ఒక కేంద్రకం నుంచి ఇంకోదానికి అందిన కబురు మోసింది ఈ జంటలే. 2001 నోబెల్ అందుకున్న ముగ్గురూ వీళ్ళే.

ఈ చక్రంలో ఒక గీత ఉంది. అది దాటకముందు వృద్ధి కారకాలు తీసేస్తే కణం వెనక్కి తగ్గి విశ్రాంతి తీసుకుంటుంది. దాటాక తీసేసినా ఆగదు. ఆర్థర్ పార్డీ 1974లో చూపించిన ఈ గీత దగ్గర నిలబడేది ఆర్‌బీ అనే ప్రోటీను. అది ఈ2ఎఫ్ అనే ప్రోటీనును పట్టి ఉంచినంతకాలం డీఎన్‌ఏ నకలుకు కావలసిన జన్యువులు చదవబడవు. వృద్ధి సంకేతం సైక్లిన్ డీని పెంచుతుంది, అది సీడీకే4, సీడీకే6లతో కలిసి ఆర్‌బీకి ఫాస్ఫేట్లు తగిలిస్తుంది, పట్టు సడలుతుంది.

ఆర్‌బీ పేరు రెటీనోబ్లాస్టోమా అనే పసిపిల్లల కంటి క్యాన్సర్‌ది. 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ 48 మంది పిల్లల వివరాలు పరిశీలించి ఒక లెక్క వేశారు. వంశపారంపర్యంగా వచ్చినవాళ్ళకు చిన్న వయసులోనే, తరచూ రెండు కళ్ళలో గడ్డలొస్తాయి. మిగతావాళ్ళకు ఆలస్యంగా, ఒక కంట్లోనే. మొదటివాళ్ళు ఒక దెబ్బతో పుట్టారు, ఇంకొక్క దెబ్బ చాలు. రెండోవాళ్ళకు రెండూ తర్వాతే తగలాలి. పదిహేనేళ్ళ తర్వాత జన్యువు చేతికి దొరికినప్పుడు ఆ లెక్క నిజమని తేలింది. ఒక్క ప్రయోగం చేయకుండా, కాగితం మీద గీసిన గీతలతో ఇంత దూరం చూసిన సందర్భం ఈ శాస్త్రంలో ఇంకొకటి వెతకాలి. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఈ జబ్బుకు చికిత్స చేస్తున్న ముఖ్య కేంద్రాల్లో ఒకటి. పాప కంటి నల్లగుడ్డులో తెల్లటి మెరుపు కనిపిస్తే, ముఖ్యంగా ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో, ఆలస్యం చేయకుండా చూపించాలి.

మరి ఆర్‌బీ ఒక్కటి పోతే ప్రతి కణమూ క్యాన్సరవ్వాలి కదా? కాదు. ఈ2ఎఫ్ అదుపు తప్పితే కణంలో ఇంకో ఏర్పాటు కదులుతుంది. ఈ సంగతి మనకన్నా ముందే తెలిసినట్టు ప్రవర్తించే వైరస్ ఒకటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ 16, 18 రకాలు ఈ7 అనే ప్రోటీనుతో ఆర్‌బీని పడగొడతాయి. అక్కడితో ఆగితే కణం తనను తానే చంపుకునే ప్రమాదముంది. అందుకే ఈ6 అనే ఇంకో ప్రోటీనును కూడా వెంట తెస్తాయి. దాని పని పి53ని నాశనం చేయించడం. రావు, జాన్సన్ అతికించిన హీలా కణాలు కూడా ఇలా పుట్టినవే. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ కణితినుంచి, ఆమె అనుమతి అడగకుండా తీసిన ఆ కణాల్లో హెచ్‌పీవీ 18 జన్యువులు ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయి.

పి53 గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. 1979లో దొరికినప్పుడు దీన్ని క్యాన్సర్ తెచ్చే ప్రోటీననుకున్నారు, ఎందుకంటే కణితుల్లో కుప్పలుగా ఉండేది. పదేళ్ళకు బెర్ట్ వోగెల్‌స్టీన్ బృందం తదితరుల పనివల్ల వ్యవహారం తిరగబడింది: కుప్పలుగా ఉన్నది చెడిపోయిన పి53, మంచిది క్యాన్సర్‌ను ఆపేది. మనిషి క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ జన్యువు చెడి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కణంలో పి53 పుట్టిన కొద్ది నిమిషాల్లోనే ఎండీఎం2 అనే ప్రోటీను దాన్ని చెత్తకు పంపేస్తుంది. ఆ ఎండీఎం2ని తయారుచేయించేది మళ్ళీ పి53నే. తనను చంపేదాన్ని తనే పెంచి పోషిస్తుంది. డీఎన్‌ఏ తెగితే ఏటీఎం అనే కైనేజ్ మేల్కొని పి53కి ఫాస్ఫేట్ తగిలించేలా చేస్తుంది, ఎండీఎం2 పట్టు జారుతుంది, పి53 పోగవుతుంది. అది పి21ని రాయిస్తుంది, పి21 సీడీకేలను పట్టి ఆపుతుంది. తెగిన చోటు బాగుపడేదాకా చక్రం నిలిచిపోతుంది. బాగుపడకపోతే కణం శాశ్వతంగా విభజన మానేస్తుంది, లేదా చచ్చిపోతుంది.

అసలు కీలకం ఇక్కడుంది. డీఎన్‌ఏ తెగడం ఒక్కటే పి53ని లేపదు. వృద్ధి సంకేతం మోతాదు మించినా లేపుతుంది. 1997లో మాన్యుయెల్ సెర్రానో, స్కాట్ లో తదితరులు మామూలు కణాల్లోకి చెడిన రాస్‌ను పంపించారు. అవి విజృంభిస్తాయనుకుంటే, కాసేపు విభజించి శాశ్వతంగా ఆగిపోయాయి. ఆపింది పి53, దానితోపాటు పి16 అనే ఇంకో ప్రోటీను. సంకేతం తగినంత ఉంటే కణం విభజిస్తుంది, ఎడతెరిపి లేకుండా గట్టిగా మోగితే అనుమానిస్తుంది.

ఇది గాజుపళ్ళెంలో మాత్రమే జరిగే వింత కాదు. మన ఒంటిమీద పుట్టుమచ్చలు చాలావాటిలో బీరాఫ్ జన్యువు చెడి ఉంటుంది. మెలనోమా అనే ప్రమాదకర చర్మ క్యాన్సర్లలో సగంలో కనిపించే మార్పు కూడా అచ్చంగా అదే. ఒక కణంలో ఆ మార్పు వచ్చింది, అది కొన్నాళ్ళు విభజించి చిన్న మచ్చంత అయింది, తర్వాత నిలిచిపోయింది. 2005లో ఈ మచ్చల కణాలను పరిశీలించి, అవి విభజన శాశ్వతంగా మానేసినవేనని చూపించారు. జాతకం చెప్పడానికి మనవాళ్ళు చూసే ఆ మచ్చలు మొదలై ఆగిపోయిన కణితులు. వాటిలో అత్యధికం ఏ హానీ చేయకుండా అలాగే ఉండిపోతాయి. ఉన్నట్టుండి పెరిగే, రంగు మారే, అంచులు చెదిరే మచ్చను మాత్రం వైద్యుడికి చూపించాలి.

ఏనుగులో పి53 జన్యువుకి దాదాపు ఇరవై ప్రతులున్నాయని 2015లో తెలిసింది. అంత పెద్ద ఒళ్ళు, అన్ని కణాలు, అంత ఆయుష్షు ఉన్నా దానికి క్యాన్సర్ అరుదు. కారణం అదొక్కటే అనడం తొందరపాటే గానీ, ఆధారం మాత్రం బలంగానే ఉంది.

మన చేతులారా పి53ని చెడగొట్టుకునే దారులూ తెలుసు. పొగాకు పొగలోని బెంజోపైరీన్ ఆ జన్యువులో ఏయే అక్షరాలకు అతుక్కుంటుందో 1996లో గుర్తించారు. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో మార్పులు గుమిగూడేది సరిగ్గా ఆ చోట్లే. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఆడవాళ్ళు చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు, దానివల్ల అంగిట్లో వచ్చే పుళ్ళు, క్యాన్సర్ గురించి వైద్యులు ఎన్నో దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. వేరుశనగకు వానలు ముఖం చాటేసిన ఏడాది కాయలోకి దూరే బూజు అఫ్లటాక్సిన్‌ను తయారుచేస్తుంది. చైనా, దక్షిణాఫ్రికా ప్రాంతాల కాలేయ క్యాన్సర్లలో పి53లో 249వ స్థానం దగ్గర ఒకే రకం అక్షరమార్పు ఈ విషం చేసిన సంతకంలా కనిపించిందని 1991లో రెండు బృందాలు ప్రకటించాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఈ బూజుమీద చాలాకాలంగా పనిచేస్తోంది. రాయలసీమ రైతుకూ పి53కీ మధ్య ఉన్న ఈ ముడిని మన వ్యవసాయ పేజీలూ ఆరోగ్య పేజీలూ కలిసి చెప్పడం నేనెక్కడా చూడలేదు.

రాస్ దారి పక్కనే ఇంకో పెద్ద దారి ఉంది: పీఐ3కే, ఏకేటీ, ఎంటార్. కణానికి తిండి, శక్తి చాలినంత ఉన్నాయా అని చూసి పెరగమని చెప్పేది ఇది. దీన్ని ఆపే పీటెన్ జన్యువు 1997లో దొరికింది. ఆ వివరాల్లోకి ఇక్కడ వెళ్ళను. పేగు సంగతి మాత్రం చెప్పాలి. పెద్దపేగు లోపలి పొర వారం లోపే కొత్తదవుతుంది. గుంటల అడుగున మూలకణాలు వింట్ అనే సంకేతం అందినంతసేపు విభజిస్తాయి. పైకి జరిగినకొద్దీ వింట్ అందదు, విభజన ఆగుతుంది, చివరికి రాలిపోతాయి. ఏపీసీ అనే ప్రోటీను చెడితే వింట్ లేకపోయినా ఉన్నట్టే కణం అనుకుంటుంది. అది పుట్టుకతోనే చెడి ఉన్న కుటుంబాల్లో పేగునిండా వందల కొద్దీ బుడిపెలు లేస్తాయి.

ఇంతవరకూ కణం లోపలి కథ. కానీ పక్కకణాల మాట కూడా లెక్కలోకి వస్తుంది. రౌస్ వైరస్‌ను కోడిపిల్ల పిండంలోకి ఎక్కిస్తే ఏమవుతుందని 1984లో మినా బిస్సెల్ ప్రయోగశాల చూసింది. సార్క్ పనిచేస్తూనే ఉంది, కణితి మాత్రం రాలేదు. అవే కణాలను తీసి పళ్ళెంలో పెడితే క్యాన్సర్ కణాల్లా మారిపోయాయి. పెరుగుతున్న పిండం ఆ సంకేతాన్ని లొంగదీసి ఉంచింది. 2018లో కేంబ్రిడ్జ్ దగ్గరి సాంగర్ సంస్థవాళ్ళు ఏ జబ్బూ లేని మనుషుల అన్నవాహిక పొరను పరిశీలిస్తే, నడివయసు దాటినవాళ్ళలో దానిలో చాలాభాగం నాచ్1 జన్యువు చెడిన కణాలతోనే నిండి ఉంది. అన్నవాహిక క్యాన్సర్లలో ఆ మార్పు అంత ఎక్కువగా లేదు. తర్వాత ఎలుకల్లో చూస్తే, అలా మారిన కణాలు పక్కనే మొలకెత్తే చిన్న గడ్డలను నెట్టేసి తొలగిస్తున్నాయి. మ్యుటేషన్ దొరికింది కాబట్టి క్యాన్సర్ ఖాయమన్నట్టు రాసే వార్తలు చదివినప్పుడల్లా ఈ పరిశోధనలు గుర్తొస్తాయి.

మందుల దగ్గరికి వద్దాం. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియాలో 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై బీసీఆర్-ఏబుల్ అనే, ఎప్పుడూ ఆగని కైనేజ్ పుడుతుంది. దాని ఏటీపీ గూటిలో కూర్చునే ఇమాటినిబ్‌కు 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. కొన్నేళ్ళలో ప్రాణం తీసే జబ్బు రోజూ మాత్రతో నెట్టుకురాగలిగేది అయింది. ఆ జబ్బుకు తొలిదశలో ఆ ఒక్క సంకేతమే ఆధారం కావడంవల్ల ఈ విజయం సాధ్యమైంది. ఈ మందు కొత్త రూపానికి పేటెంట్ ఇవ్వనక్కర్లేదని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ పేటెంట్‌ను వ్యతిరేకించినవాళ్ళలో హైదరాబాద్ కంపెనీ నాట్కో ఒకటి. అంతకు ఏడాది ముందే, రాఫ్‌తోపాటు ఇంకొన్ని కైనేజ్‌లను ఆపే సొరాఫెనిబ్‌ను తయారుచేసుకోవడానికి దేశంలో తొలి నిర్బంధ లైసెన్స్ నాట్కోకే దక్కింది. నెలకు రూ. 2,80,428 అయ్యే మందు రూ. 8,800కి వచ్చింది. సంకేత మార్గం ఎంత బాగా అర్థమైనా, మందుల చీటీ చూసి వెనుదిరిగే ఇంటికి ఆ అర్థంతో పనిలేదు. అందుకే ఈ తీర్పులను కూడా నేను ఈ శాస్త్ర చరిత్రలో భాగంగానే లెక్కేస్తాను.

లుకేమియాలో దొరికిన సులువు గడ్డల్లో దొరకలేదు. చెడిన బీరాఫ్‌ను ఆపే వెమురాఫెనిబ్ 2011లో వచ్చింది. మెలనోమా గడ్డలు కొద్ది వారాల్లో కరిగిపోయాయి. కానీ కొందరి చర్మం మీద ఇంకో రకం క్యాన్సర్ బుడిపెలు లేచాయి. రాఫ్ ప్రోటీన్లు జతలుగా పనిచేస్తాయి. బీరాఫ్ చెడని కణంలో మందు జతలో ఒకదాన్ని పట్టుకుంటే రెండోది మరింత చురుకవుతుంది. అప్పటికే రాస్ చెడి, చడీచప్పుడు లేకుండా ఉన్న చర్మకణాలకు ఆ మందే ఊపిరి పోసింది. కింద ఉన్న మెక్‌ను కూడా కలిపి ఆపాక ఈ బెడద తగ్గింది.

అదే బీరాఫ్ మార్పు ఉన్న పెద్దపేగు క్యాన్సర్‌కు అదే మందు ఇస్తే దాదాపు పనిచేయలేదు. 2012లో అనిరుధ్ ప్రహ్లాద్, రెనే బెర్నార్డ్స్ తదితరులు కారణం చెప్పారు. ఎర్క్ మామూలుగా వెనక్కి తిరిగి ఈజీఎఫ్ గ్రాహకాన్ని అణచి ఉంచుతుంది. బీరాఫ్‌ను ఆపితే ఎర్క్ పడిపోతుంది, అణిచేవాళ్ళు లేక గ్రాహకం లేస్తుంది, సంకేతం మళ్ళీ మొదలు. మెలనోమా కణాల్లో ఆ గ్రాహకం తక్కువ కాబట్టి అక్కడ ఈ ఎదురుదెబ్బ లేదు. గ్రాహకాన్నీ బీరాఫ్‌నూ కలిపి ఆపే జోడీకి 2020లో అనుమతి దొరికింది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కణాన్ని కాపాడే ఆ వెనుచూపే మందుకు అడ్డుపడింది.

పసుపులోని కర్కుమిన్ ఈ దారుల్లో సగం దారులను ఆపుతుందని వాట్సాప్‌లో తిరిగే సందేశాలు చూసే ఉంటారు. పళ్ళెంలోని కణాలమీద అలాంటి ఫలితాలు కొన్ని కనిపించిన మాట నిజమే. నోటితో తీసుకున్నది రక్తంలోకి ఎంత తక్కువగా చేరుతుందో ఆ సందేశాల్లో ఉండదు.

ఆర్‌బీ దగ్గరి గీతను కాపాడే మందులు 2015లో పాల్బోసిక్లిబ్‌తో మొదలయ్యాయి. ఇది సీడీకే4, సీడీకే6లను ఆపుతుంది, హార్మోన్లకు స్పందించే రొమ్ము క్యాన్సర్లో వాడతారు. అయితే కణంలో ఆర్‌బీ మిగిలి ఉంటేనే దీనివల్ల ప్రయోజనం. ఆర్‌బీ లేని కణానికి ఆ గీతే లేదు, ఇక దేన్ని కాపాడతారు?

రాస్‌కు మందు చేయడం అసాధ్యమని ముప్ఫై ఏళ్ళు అనుకున్నారు. అది జీటీపీని చాలా గట్టిగా పట్టుకుంటుంది, పైగా మందు దూరేందుకు లోతైన గూడు లేదు. 2013లో కెవన్ షోకట్ బృందం, రాస్ కుటుంబంలోని కేరాస్‌లో పన్నెండో స్థానంలో సిస్టీన్ వచ్చినప్పుడు మాత్రం తలుపు దొరికిందని చూపించింది. సిస్టీన్‌లోని గంధకానికి మందును శాశ్వతంగా తగిలించవచ్చు. అలా వచ్చిన సోటొరాసిబ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడటానికి 2021లో అనుమతి ఇచ్చారు. రోగుల్లో సగంమందికి ఆరేడు నెలల్లోనే జబ్బు మళ్ళీ ముదిరింది. కొందరిలో రాస్‌లోనే కొత్త మార్పులొచ్చాయి, కొందరిలో సంకేతం వేరే దారి వెతుక్కుంది. పెద్దపేగు క్యాన్సర్లో ఒంటరిగా ఇస్తే ఇంకా తక్కువ పనిచేసింది, అక్కడా లేచింది ఈజీఎఫ్ గ్రాహకమే. దాన్ని ఆపే పానిటుముమాబ్‌తో కలిపి వాడటానికి 2025 జనవరిలో అనుమతి వచ్చింది. పన్నెండో స్థానంలో సిస్టీన్ బదులు, పాంక్రియాస్ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే ఆస్పార్టేట్ ఉన్నా, టీ24 కణాల్లో ప్రేమ్‌కుమార్ రెడ్డి చదివిన వేలిన్ ఉన్నా, ఆ కొక్కెం తగిలించడానికి గంధకం ఉండదు. వాటికోసం రాస్‌ను వేరే చోట పట్టుకునే అణువులను తయారుచేయాల్సి వచ్చింది.